నెమలి ఈక, ఏనుగు ముత్యం

ప్రాచీనాంధ్రుల ఆభరణాలను గురించి మన భాషలో వచ్చే వ్యాసాలు సాధారణంగా రెండు రకాలు. మొదటి రకంలో రచయిత అమరావతి శిల్పాల ముందు నిలబడి హారాలూ, కేయూరాలూ, మేఖలలూ, నూపురాలూ వరసగా లెక్కపెడతాడు. ఇన్ని నగలు పెట్టుకున్న జాతి ఎంతటి భోగభాగ్యాలతో తులతూగిందో గదా అని ఆశ్చర్యపడి, అది ఆంధ్రుల స్వర్ణయుగమని తేల్చి కలం మూస్తాడు. రెండో రకం మన మిత్రులది. నగ అంటే దోపిడీ వర్గపు డాంబికం, అలంకారం అంటే క్షీణదశకు గుర్తు, కష్టజీవికి వీటితో పనిలేదు. ఇంతటితో వారి చర్చ ముగుస్తుంది. మొదటివారితో నాకు పేచీ ఉండటం సహజమే. రెండోవారితో కూడా ఉంది, అది చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ రెండు ధోరణులకూ ఒక చిన్న ప్రాకృత గాథ అడ్డం తగులుతున్నది. హాలుని సప్తశతిలోది. విషయం ఇంతే: ఒక వేటగాని భార్య చెవికి నెమలి ఈక తప్ప మరో నగ లేకుండా, ముత్యాలతో సింగారించుకున్న సవతుల మధ్య గర్వంగా తిరుగుతున్నది. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో దీన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ వ్యాఖ్యానం మన ఎం.ఏ. విద్యార్థులకు కంఠస్థమే. సవతుల కాలంలో భర్త అడవులు పట్టి తిరిగి ఏనుగులను కొట్టేవాడు, అంచేత వారికి ఏనుగు కుంభస్థలపు ముత్యాలు దక్కాయి. ఈమె వచ్చిన తరువాత అతడు ఇల్లు కదలలేక, ఒంట్లో సత్తువ చాలక, దాపున దొరికే నెమలిని కొట్టడంతో సరిపెట్టుకుంటున్నాడు. కాబట్టి ఈక ఆమె సౌభాగ్యాన్ని ధ్వనింపజేస్తున్నది. పరీక్షలో ఇది రాస్తే మార్కులు పడతాయి. నేను కూడా వేస్తున్నాను.

ఈ గాథ దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందుగా ఆ స్వర్ణయుగం సంగతి చూడాలి.

సురవరం ప్రతాపరెడ్డి గారు రాజుల యుద్ధాల చరిత్రను కాదని ప్రజల తిండీ, బట్టా, ఆటపాటలూ, నగానట్రా గురించి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. తెలుగులో సాహిత్య అకాడమీ బహుమానం మొట్టమొదట, 1955లో, ఆ పుస్తకానికే వచ్చింది. కాని ఆయన ముఖ్యమైన ఆధారం తెలుగు కావ్యం. అంచేత ఆయన చరిత్ర తూర్పు చాళుక్యుల కాలంతో మొదలయింది. అంతకు వెయ్యేళ్ళ పూర్వపు మనిషిని చూడాలంటే మనకు రాయి ఉంది, ప్రాకృతం ఉంది, భూమిలోంచి తవ్వి తీసిన పూసా పెంకూ ఉన్నాయి. ఈ మూడు సాక్ష్యాలూ ఒకే మాట చెప్పవు. చిక్కంతా అక్కడే ఉంది, లాభం కూడా అక్కడే ఉంది.

రాతి సాక్ష్యాన్ని గురించి 1942లో మద్రాసు మ్యూజియం ప్రచురించిన శ్రీ సి. శివరామమూర్తి గారి అమరావతి గ్రంథం నేను మళ్ళీ మళ్ళీ తెరిచే పుస్తకాల్లో ఒకటి. శిల్పంలో కనిపించే నగకు సంస్కృత కావ్యాల్లోంచీ శాస్త్రాల్లోంచీ ఆయన పేర్లు వెతికి పెట్టారు. మహా పాండిత్యం. ఐతే ఆ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది, అది ఆయనది కాదు, ఆయన తరువాత ఆ పేర్లను ఎత్తిరాసినవారిది. కావ్యంలోని పేరు ఆస్థానపు పేరు. ఆ పేరు తగిలించగానే శిల్పంలోని స్త్రీ కాళిదాసు నాయిక అయిపోతుంది. ఆమె అమరావతిలో రాతి మీద ఏం చేస్తున్నదో చూడటం మానేసి ఆమె ఒంటిమీద ఏమున్నదో చదువుతాం.

చూస్తే ఏం కనబడుతుంది? మొట్టమొదట, పురుషులు స్త్రీలకు ఏమాత్రం తీసిపోకుండా నగలు పెట్టుకున్నారు. తలపాగా మీద పతకం, బరువుకు సాగిపోయిన చెవితమ్మెలు, భుజాలకు దండకడియాలు. ఆడవారికి నడుముకు అనేక పేటల వడ్డాణం, మోచేతుల దాకా గాజులు, చీలమండ మీద ఒకదానిపై ఒకటి దొంతరగా కడియాలు. చామరం పట్టిన దాసికి సైతం గాజులూ కడియాలూ ఉన్నాయి. దీన్నిబట్టి దాసీలు కూడా సుఖంగా ఉండేవారని ఒక వ్యాసకర్త రాయగా చదివాను. జమీందారు గుర్రానికి వెండి కళ్ళెం ఉంటే గుర్రం సుఖపడిందని రాస్తామా? దాసి ఒంటిమీది నగ యజమాని నగే.

ముక్కు మాత్రం బోసిగా ఉంటుంది. అమరావతిలోనే కాదు, భార్హుత్, సాంచీ, అజంతా, ఎక్కడా ముక్కుకు నగ కనబడదు. అది మధ్యయుగాలలో వచ్చింది. ముక్కుపుడకను సనాతనమైన తెలుగింటి ఆడదాని లక్షణంగా వర్ణించే కవిమిత్రులు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. సనాతనమని మనం అనుకునేవాటిలో ఎన్నో మన తాతముత్తాతల నాటివే.

ఇక జగ్గయ్యపేట. 1882లో బర్జెస్ అక్కడ పని చేసినప్పుడు బయటపడి, తరువాత మద్రాసు మ్యూజియానికి చేరిన ఒక పలక ఉంది. క్రీ.పూ. మొదటి శతాబ్దం నాటిది. పొడవుగా, సన్నగా, చెక్కకు బొమ్మ గీసినట్లుండే చక్రవర్తి, మాంధాత అంటారు, ఒక చెయ్యి పైకెత్తి నిలుచున్నాడు. మేఘంలోంచి చదరపు నాణేలు వానగా రాలుతున్నాయి. చుట్టూ చక్రవర్తికి ఉండవలసిన సప్తరత్నాలు: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, స్త్రీ, కోశాధికారి, మంత్రి. రత్నాల జాబితాలో భార్య ఉంది, ఏనుగుకూ గుర్రానికీ మణికీ పక్కన. స్త్రీరత్నం అనే మాట మన పద్యాల్లో ఇంత సుఖంగా ఎలా ఇమిడిపోయిందో ఈ పలక చూస్తే బోధపడుతుంది. రాజు చెవులకు పెద్ద పెద్ద కమ్మలున్నాయి. అటువంటి కమ్మల జత ఒకటి ఇప్పుడు న్యూయార్కులోని మెట్రపాలిటన్ మ్యూజియంలో ఉంది. 1981లో ఒక సేకరణ నుంచి కానుకగా వచ్చింది. క్రీ.పూ. మొదటి శతాబ్దం నాటిదనీ, బహుశా ఆంధ్రదేశానిదనీ మ్యూజియంవారి నిర్ణయం. రెక్కల సింహం, ఏనుగు, వాటి ఒంటినిండా ఆవగింజ కంటే చిన్న బంగారు గుళికలు ఒక్కొక్కటీ అతికిన పని. ఫోటో చూసి చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. కళ్ళు పోగొట్టుకుని చేసే పని అది.

ఐతే ఆకాశం నుంచి రాలే నాణేలు నేలమీద ఎక్కడివి? స్వర్ణయుగమంటున్నాం గదా, శాతవాహనులు బంగారు నాణెం వేసిన జాడే లేదు. వారు వేసినవి సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రలోహం, కొంత వెండి. సంతలో మామూలు మనిషి చేతిలో ఉన్నది సీసపు బిళ్ళ. విలువైన నాణెం రోము నుంచి వచ్చింది. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోటే 1531 రోమన్ వెండి నాణేలు దొరికాయి. ప్లినీ అనే రోమన్ రచయిత, క్రీ.శ. 79లో చనిపోయాడు, ఇండియా, చైనా, అరేబియా కలిసి ఏటా పదికోట్ల సెస్టర్సులు తమ సామ్రాజ్యం నుంచి లాగేస్తున్నాయనీ, తమ విలాసాలూ తమ ఆడవాళ్ళూ చేయిస్తున్న ఖర్చు అదనీ వాపోయాడు. లోలియా పౌలీనా అనే రాజకుటుంబపు స్త్రీ నాలుగు కోట్ల సెస్టర్సుల విలువైన పచ్చలూ ముత్యాలూ పెట్టుకుని ఒక మామూలు విందుకు వచ్చిందట. ఎవరైనా సందేహిస్తే చూపించడానికి రసీదులు సిద్ధంగా ఉండేవట! రసీదుతో సహా పెట్టుకునే నగ. ధనికవర్గపు సౌందర్యదృష్టిని ఇంతకంటే సూటిగా ఇంకెవరూ చెప్పలేదు. ఆడవాళ్ళమీద నెపం వేసిన ప్లినీ, ఆ ముత్యాలు కొనిచ్చిన సొమ్ము రాష్ట్రాలను కొల్లగొట్టి సంపాదించిందని కూడా అక్కడే చెప్పాడు, అది ఆయన నిజాయితీ.

ఆ సరుకులో మన వాటా ఏమిటి? మసూలా తీరపు సన్నబట్టను గురించి పెరిప్లస్ రచయిత చెప్పాడు. రాళ్ళ సంగతి ఈమధ్య మరింత తేటపడింది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో దొరికిన ఎర్రని గార్నెట్ రాళ్ళను, కొత్తగూడెం దాపున ఉన్న గరీబ్‌పేట గుట్ట రాళ్ళతో పోల్చి, అవి అక్కడివేనని శాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించారు. ఖమ్మం ప్రాంతపు వాగుల్లో ఏరిన రాయి తూర్పుతీరం వెంట దక్షిణానికి పోయి, పూసగా సానబట్టబడి, సముద్రాలు దాటింది. ఏరినవారి ఊరి పేరు గరీబ్‌పేట కావడం యాదృచ్ఛికమే, ఐనా నోరూరుకోదు గదా, చెప్పాను.

మా కోనసీమలో కూడా ఆ కాలపు జాడ ఉంది. మామిడికుదురు మండలం ఆదుర్రులో, వైనతేయ గోదావరి ఒడ్డున, బౌద్ధస్తూపపు పునాది. విద్యార్థులను తీసుకువెళితే మొదట నిరాశపడతారు. శిల్పం లేదు, యక్షిణి లేదు, బండిచక్రం ఆకారంలో ఇటుకలు. నా మట్టుకు నాకు ఆ ఇటుకలు అమరావతి పలకలకంటే ఒక విధంగా ఎక్కువ ఉపయోగపడ్డాయి. అవి చూస్తుంటే నగల ప్రశ్న తలకిందులవుతుంది. ఈ మట్టి తొక్కి, ఇటుక కోసి, కాల్చి, మోసినవారు ఏం పెట్టుకున్నారు?

ఈ ప్రశ్నకు జవాబు భూమి చెబుతుంది. ఇక్కడ ఒక చిత్రమైన న్యాయం ఉంది, దానిని మన చరిత్రకారులు తగినంతగా ఉపయోగించుకోలేదని నా అభిప్రాయం. బంగారం కరుగుతుంది. తల్లి వడ్డాణం కూతురి కాసులపేరవుతుంది, దోచుకున్నవాడి చేతిలో కడ్డీ అవుతుంది. అంచేత రెండువేల ఏళ్ళనాటి బంగారు నగ మనకు దక్కడం అరుదు. మట్టిపూసను కరిగించి ఎవరు ఏం చేసుకుంటారు? గాజుముక్కను ఎవరు దోచుకుంటారు? విలువ లేకపోవడం వల్లనే అవి మిగిలాయి. రాతి మీదా కావ్యంలోనూ ధనికుల నగ మిగిలింది, మట్టిలో పేదల నగ మిగిలింది. మొదటిదాన్ని మాత్రమే చదివి యుగానికి పేరు పెట్టినవారిని ఏమనాలి?

సంగారెడ్డి జిల్లా కొండాపురంలో నిజాం రాష్ట్రపు పురావస్తు శాఖవారు 1940 ప్రాంతంలో తవ్వకాలు జరిపారు. దొరికిన పూసలకే ప్రత్యేకంగా ఒక గ్రంథం అవసరమయింది. ఎం.జి. దీక్షిత్ గారు రాయగా 1952లో అచ్చయింది. కాల్చిన మట్టి, గాజు, శంఖం, రకరకాల రాళ్ళు. ఎర్రని కార్నీలియన్ పూస తయారీ ఒక్కటి తీసుకోండి. రాయిని కాల్చి రంగు ఎక్కించాలి, చితక్కొట్టి రూపం తేవాలి, రాతిమీద అరగదీయాలి, ఆ తరువాత బెజ్జం. బరమాతో ఒక కొస నుంచి సగం, రెండో కొస నుంచి సగం. రెండు బెజ్జాలూ నడుమ కలవాలి. కొన్ని పూసల్లో ఆ కలయిక కాస్త పక్కకు జరిగి ఉంటుంది. ఏ శాసనంలోనూ పేరు చెక్కించుకోని మనిషి చేతిరాత అది.

కొండాపురంలోనే మట్టితో చేసిన పతకాలు దొరికాయి. రోమన్ నాణేన్ని అనుకరించి అచ్చు వేసి, మెడలో కట్టుకోవడానికి వీలుగా బెజ్జం పెట్టినవి. అసలు నాణెం షావుకారు పెట్టెలో ఉంది. దాన్ని దూరం నుంచి చూసినవాడు మట్టితో చేసి మెడలో కట్టుకున్నాడు. నాణేన్నే నగగా ధరించడం మన దేశంలో పాత అలవాటు. వేదకాలంలో నిష్కమంటే మెడలో వేసుకునేది, తరువాత కాలంలో అదే మాట నాణేనికి పేరయింది. మన కాసులపేరు సంగతి చెప్పనక్కర్లేదు. ఐతే మట్టికాసు మాత్రం డబ్బూ కాదు, బంగారమూ కాదు. దాన్ని తాకట్టు పెట్టలేరు. పెట్టుకోవడం తప్ప దానితో మరొకటి చెయ్యలేరు. శుద్ధమైన అలంకారం అంటే ఏమిటని సౌందర్యశాస్త్రవేత్తలు తలలు పట్టుకుంటారు. అది కూలివాడి మెడలో ఉంది.

భాష కూడా ఈ సాక్ష్యాన్నే బలపరుస్తుంది. గాజు అనే మాట చూడండి. కాచము ప్రకృతి, గాజు వికృతి, పదార్థం పేరు అది. చేతికి వేసుకునేదానికీ మనవాళ్ళు ఆ పేరే పెట్టారు. వలయం, కంకణం, కటకం అనే మాటలు కావ్యాల్లో ఉండిపోయాయి. ఇంట్లో, సంతలో, పెళ్ళిలో అవి గాజులే. చివరకు ధనికుల నగకు కూడా ఆ పేరే దిక్కయింది, బంగారు గాజులు అంటున్నాం. తర్కానికి నిలవని మాట అది, బంగారమైతే గాజెలా అవుతుంది? ఐనా తెలుగుదేశంలో ఏ పండితుడూ దాన్ని దిద్దలేడు. పది చేతుల్లో తొమ్మిది చేతులకు ఉన్నది గాజే అయినప్పుడు పేరు పెట్టే హక్కు ఆ తొమ్మిది చేతులకే దక్కింది.

ఇది రెండో రకం మిత్రులకు నేను చెప్పదలచిన మాట. పేదవాడు నగ పెట్టుకున్నాడు. తన కూలి మిగిలితే మట్టిపూస కొన్నాడు, మిగలకపోతే అడవిలో ఈక ఏరుకున్నాడు. దాన్ని పాలకవర్గపు రుచి అంటుకోవడంగా కొట్టిపారేస్తే మనకు మార్క్స్ అర్థం కానట్టే. మనిషి సౌందర్యసూత్రాలను బట్టి కూడా వస్తువుకు రూపమిస్తాడని ఆయన 1844లోనే రాసుకున్నాడు. జంతువు అవసరానికి మాత్రమే చేస్తుంది, మనిషి అవసరం తీరిన తరువాత కూడా చేస్తాడు. శ్రామికుడికి సౌందర్యం వద్దనడం అతన్ని జంతువుల వైపుకు నెట్టడమే. అది మన పని కాదు, ఆ పనికి వేరే వర్గం ఉంది.

అలంకారశాస్త్రం సంగతికి వస్తాను. మన విమర్శకు పేరే నగలపెట్టెలోంచి వచ్చింది. భామహుడికి నగలేని ముఖం ఎంత అందమైనదైనా శోభించదు. మమ్మటునికి అలంకారాలు హారాలవంటివి. క్షేమేంద్రుడు మెడలో వడ్డాణమూ, నడుముకు హారమూ పెట్టుకుంటే ఎవరు నవ్వరని అడిగి, దానిమీద ఔచిత్య సిద్ధాంతాన్నే నిలబెట్టాడు. వారు నగను తీసుకున్నది ఉపమానంగా. ఉపమానం ఎప్పుడూ తెలిసిన వస్తువు కావాలి. వారికి తెలిసిన నగ ఏది? అప్పటికే తయారై, ఒంటికెక్కి, మెరుస్తున్నది. కుంపటి దగ్గరి నగ కాదు, బెజ్జం పడని పూస కాదు. అంచేతనే ఆ శాస్త్రంలో అలంకారం ఎక్కడ ఉండాలన్న చర్చ కొండంత, ఎలా తయారయిందన్న చర్చ గోరంత. కవిత్వాన్ని తయారైన సరుకుగా చూసే చూపు అక్కడ నుంచి వచ్చింది, నేటికీ మన ప్రశ్నపత్రాల్లో ఉంది.

కౌటిల్యుని అర్థశాస్త్రం, అది మన ప్రాంతపు గ్రంథం కాకపోయినా, ఈ విషయంలో కవులకంటే ఎక్కువ చెబుతుంది. అందులో ముత్యాలహారాల లెక్క ఉంది, వెయ్యిన్నెనిమిది పేటలదాన్ని ఇంద్రచ్ఛందమంటారు. ఆ గ్రంథంలోనే బంగారు పనివారి కర్మశాలను గురించిన నిబంధనలున్నాయి. నియమితులు కానివారు లోపలికి రాకూడదు. పనివారిని వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ సోదా చెయ్యాలి, బట్టలూ ఒళ్ళూ వెతకాలి. పనివాడు బంగారాన్ని ఎన్ని విధాల కాజేస్తాడో దానికి మరో జాబితా. ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి పాఠం చెప్పిన తెలుగు ఉపన్యాసం నేను చదివే రోజుల్లో ఒక్కటి కూడా వినలేదు. వెయ్యిన్నెనిమిది పేటలను పద్యంలో వర్ణించిన కవికి ఆ సోదా గది కనబడలేదు.

ఇప్పుడు ఆ వేటగాని భార్య దగ్గరికి పోదాం.

ఒకసారి క్లాసులో ఈ గాథ చెప్పి ధ్వని వివరించాను. రాజోలు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "మరి ఆ ముత్యాలు తాకట్టు పెట్టుకుని తినకుండా ఊరికే మెళ్ళో వేసుకుని తిరిగేరేంటండీ?" అంది. క్లాసంతా నవ్వింది. మా ప్రాంతపు ఇళ్ళలో బంగారం అంటే ముందు గుర్తొచ్చేది తాకట్టే. కువైట్‌లో నాలుగిళ్ళలో పాచిపని చేసి తెచ్చిన రెండు గాజులు ఫీజులప్పుడు బ్యాంకుకు పోయి, పంటలప్పుడు తిరిగి వస్తాయి. ఆ పిల్ల ప్రశ్న వెటకారం కాదు, విమర్శ. ఏనుగు తలలో ముత్యాలుంటాయన్నది కవిసమయం, అటువంటి ముత్యాలు లోకంలో లేవు. వేటగాని గుడిసెలో ముత్యాల నగలుంటాయన్నది అంతకంటే పెద్ద కవిసమయం. ఆస్థానంలో కూర్చున్న రసికుడు తన ఇంటి కొలతను తీసుకుపోయి అడవిలో పెట్టాడు. గాథాసప్తశతిని పల్లెప్రజల నోటి నుంచి జాలువారిన కవిత్వమని మనవారు రాసేటప్పుడు ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోవాలి. పల్లె అందులో ఉంది, పల్లెను చూసే కన్ను మాత్రం పట్నానిది.

అంతమాత్రాన గాథను అవతల పారేయాలా? మన మిత్రులు కొందరు ఆ పనీ చేశారు. భూస్వామ్య శృంగారం, బహుభార్యాత్వ సమర్థన, చాలు అన్నారు. సవతుల గొడవలో గర్వించదగిందేమీ లేదన్న మాట నేనూ ఒప్పుకుంటాను. కాని గాథ చేసిన పని అంతటితో అయిపోలేదు.

ప్లెహనోవ్ 1899, 1900 ప్రాంతాల్లో చిరునామా లేని ఉత్తరాలనే పేరుతో కళల పుట్టుకను గురించి రాశాడు. ఆదిమ వేటగాడు మృగం గోళ్ళూ, పళ్ళూ, తోలూ ఒంటిమీద ధరించింది అవి అందంగా ఉన్నాయని కాదు. అవి అతని బలానికీ నేర్పుకూ గుర్తులు, ఆ తరువాతే అవి అందమయ్యాయి. ఆఫ్రికాలో ఇనుము అరుదైనచోట ధనికుల భార్యలు కాళ్ళకూ చేతులకూ మోయలేనంత ఇనప కడియాలు వేసుకుని అదే అందమనుకున్నారని ప్రయాణికుల రాతలనుంచి చూపించాడు. అమరావతి స్త్రీల కాళ్ళ మీది దొంతరలు చూసినప్పుడల్లా నాకు ఆ పేజీ గుర్తొస్తుంది. బరువు అక్కడ సంపదకు గుర్తు, పని చెయ్యనక్కర్లేని కాళ్ళకు గుర్తు.

ఇప్పుడు ఆనందవర్ధనుని వ్యాఖ్యానాన్ని మళ్ళీ చదవండి. ఈక సౌభాగ్యాన్ని ఎలా ధ్వనింపజేసింది? ఏనుగును కొట్టాలంటే ఎన్నాళ్ళు అడవిలో ఉండాలో, ఎంత సత్తువ కావాలో, నెమలిని కొట్టడానికి ఎంత తక్కువ సరిపోతుందో పాఠకునికి తెలిసి ఉండాలి. ఆ రెండు పనుల తేడా తెలియనివానికి ఈక ఈకే, ధ్వని లేదు. అంటే ధ్వని పుట్టింది నగలోంచి కాదు, ముత్యం ధరలోంచి కాదు, వేటగాని పనిదినంలోంచి. నగను చూసి దాని వెనక ఖర్చయిన, ఖర్చు కాకుండా ఆగిపోయిన శ్రమను లెక్కకట్టమని గాథ మనల్ని అడుగుతున్నది. ఆనందవర్ధనుడు ఆ లెక్క కట్టాడు, సరిగ్గా కట్టాడు, కట్టి దానికి శ్రమ అన్న పేరు పెట్టకుండా రసికత అన్న పేరు పెట్టాడు. సిద్ధాంతం తప్పు కాదు, దాని పునాది దానికే తెలియదు. మన పని ఆ వ్యాఖ్యానాన్ని కొట్టెయ్యడం కాదు, దాన్ని తన పునాది దాకా తీసుకుపోవడం.

అంతే కాదు. లోలియా పౌలీనా నగకు విలువ రసీదులో ఉంది. వేటగాని భార్య ఈకకు రసీదు లేదు, సంతలో పైసా రాదు. ఐనా ముత్యాల మధ్య దానిదే పైచెయ్యి. మారకపు విలువ ఓడిపోయి, ఒక మనిషి చెయ్యి మరొక మనిషికి ఇచ్చిన వస్తువు గెలిచింది. ఇంతటి మాటను, ఎంత పట్నపు కంటితో చూసి రాసినా, ఆ కవి జారవిడువలేదు. అభ్యుదయ విమర్శకుడు దీన్ని శృంగారమని వదిలేస్తే పోగొట్టుకునేది హాలుడు కాదు, మనమే.

శ్రమ చేసినవారు ఆ కాలంలో పూర్తిగా పేరులేనివారని కూడా అనలేం. అమరావతిలో చర్మకారుడు విధికుడు, ఉపాధ్యాయుడు నాగుని కొడుకు, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, బిడ్డలతో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలకను దానమిచ్చినట్లు శాసనం ఉంది. ఉపాధ్యాయుని కొడుకు తోలుపని చేశాడు, తన పేరు రాతిమీద పెట్టించుకున్నాడు. కాన్హేరి గుహల్లో కల్యాణ్ పట్టణపు స్వర్ణకారుడూ, సోపారా మణికారుడూ దాతలుగా కనబడతారు. 1892లో రే అనే ఆయన భట్టిప్రోలు స్తూపంలోంచి తీసిన ధాతుపేటికల్లో బంగారు పూలూ, ముత్యాలూ, పూసలూ ఉన్నాయి, స్వస్తికాకారంలో పేర్చిన వెండి నాణేలున్నాయి, పేటికల మీద గోష్ఠి సభ్యుల పేర్లున్నాయి. వృత్తిపనివారికి దానమిచ్చేటంత మిగులు ఉండేదనీ, వర్తక శ్రేణులు వారిని ఇంకా పూర్తిగా అణగదొక్కలేదనీ వీటివల్ల తెలుస్తున్నది. తరువాతి శతాబ్దాల్లో రాజులూ బ్రాహ్మణ అగ్రహారాలూ శాసనాలను ఆక్రమించుకున్నకొద్దీ తోలుపనివాని పేరు రాతిమీద నుంచి తప్పుకుంది. స్వర్ణయుగం అన్న మాట వాడితీరాలంటే ఈ ఒక్క అర్థంలో, అదీ వెనుకాముందూ చూసుకుని, వాడవచ్చునేమో.

నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా, సాగరం నీళ్ళు రాకముందు, హడావుడిగా జరిపిన తవ్వకాల్లో ఒక కంసాలి ఇల్లు బయటపడింది. మూసలు, గీటురాయి, నగలు పోసే అచ్చులు. ఇక్ష్వాకుల కాలానిది. స్తూపాలనూ విహారాలనూ కొన్నింటిని పెళ్ళగించి ఎత్తున తిరిగి కట్టారు. లోయ నీళ్ళలోకి పోయింది. మ్యూజియానికి వెళ్ళే విద్యార్థులు ముందు మాంధాత కథ చెక్కిన పలకల దగ్గరికీ, మిథునాల దగ్గరికీ పోతారు, అది సహజం. నాకు ఒక పని చేయించాలని ఉంది. ఆ అచ్చుల్లో ఉన్న ఆకారాలను కాగితం మీద గీసుకుని, అదే లోయలో దొరికిన శిల్పాల ఒంటిమీద వాటికోసం వెతకాలి. ఏ ఆకారం రాణి మెడలో ఉంది, ఏది దాసి చెవికి ఉంది, ఏది శిల్పంలో ఎవరి ఒంటిమీదా లేదు? శిల్పంలో లేనివాటి జాబితా అన్నిటికంటే పొడవుగా ఉంటుందని నా ఊహ. ఎం.ఏ. రెండో సంవత్సరం విద్యార్థి ఎవరైనా ఒక వేసవి సెలవుల్లో చెయ్యగల పని ఇది, సంస్కృతం రాకపోయినా ఫరవాలేదు.